మగవారు దాచుకొను దురద

ఈ మాసమున నేను వ్రాయబూనిన విషయము పదిమంది యెదుట పలుకుటకు సంకోచము కలిగించునట్టిది. అయినను దీనిని మఱుగుపఱచుటవలన సంసారములలో అకారణముగ కలతలు పుట్టుచుండగా మిన్నకుండుట తగదని తోచినది.

ప్రొద్దుటూరిలో ఒక బట్టల వర్తకుడున్నాడనుకొందము. వయస్సు నలుబదియైదు. ప్రొద్దుననుండి రాత్రివఱకు అంగడిలో కూర్చుండువాడు. కొన్నాళ్లుగా అంగముమీది ముందోలు క్రింద ఎఱ్ఱబడి, విఱిగిన పాలవంటి తెల్లని మడ్డి చేరుచున్నది. దురద, మంట, మూత్రము పోయునప్పుడు చురుకు. భార్యతో చెప్పడు. మందుల అంగడిలో నొక లేపనపు గొట్టము కొనితెచ్చి అటకమీద దాచును. ఒకనాడది ఇల్లాలి కంటబడును. ఆమె మనస్సున నెట్టి అనుమానము మొలకెత్తునో వేఱుగ చెప్పవలెనా?

ఈ రోగమునకు మూలము కాండిడా అను ఈస్టు. కల్లును పులియజేయు ఈస్టునకు దూరపు చుట్టము. ఆరోగ్యవంతుల నోటను, ప్రేగులయందును, చర్మముమీదను ఊరకయే కాపురముండును. చెమ్మ, వెచ్చదనము, చక్కెర సమకూరినప్పుడు విజృంభించును. దంపతులలో ఒకరినుండి యొకరికి సోకవచ్చును గాని, బ్రహ్మచారికిని వృద్ధునికిని సైతము వచ్చును. కావున దీనినిబట్టి యెవరి నడవడియు నిర్ణయింపరాదు. పుండు, చీము, గజ్జలలో బిళ్లలు కనబడినచో వేఱు రోగము కావచ్చును. అది వైద్యుడు తేల్చవలసిన మాట.

మన సీమలో చెమటకు కొదువలేదు. జమ్మలమడుగున మగ్గపుగుంతలో కాళ్లుంచి దినమంతయు కూర్చుండు నేతగాడును, పులివెందుల చీనితోటలో తడిబట్టతోనే పనిచేయు రైతును గజ్జల ఒఱపిడి నెఱుగనివారు కారు. అయితే అచ్చట కనబడునది తఱచుగా తామర. అంచు ఉబ్బి చుట్టగా ప్రాకునది తామర. తడితడిగా ఎఱ్ఱబడి, చుట్టును చిన్న పొక్కులు చల్లినట్లుండునది ఈస్టు.

చెమ్మను తుడిచివేయవచ్చును, చక్కెర మాట వేఱు. నడివయస్కునకు ఈ దురద మాటిమాటికి వచ్చుచున్నను, ముందోలు చిట్లి వెనుకకు రాకున్నను, మధుమేహమును శంకింపవలెను. రక్తమున చక్కెర మిక్కిలి హెచ్చినచో మూత్రములోనికి దిగును. ఆ తీపి ఈస్టునకు విందు. వర్తకుని దురద ఆ రోగమునకు తొలివార్త కావచ్చును. దాని నాతడు అటకమీద దాచినాడు! పరగడుపు పరీక్షలో 126 మిల్లీగ్రాములు గాని, మూడు నెలల సగటు దెలుపు పరీక్షలో 6.5 శాతము గాని అంతకు మించి గాని యున్నచో మధుమేహమని యెంచి, మరల పరీక్షించి నిర్ధారింతురు. ఇదివఱకే మధుమేహమున్నవారిలో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడువారికి ఈ బాధ కలుగుట కలదు. అవి చక్కెరను మూత్రముద్వారా వెడలించును గదా. మాత్రలు తమంత మానక, వైద్యునికి తెలుపవలెను.

ఇక ఆ గొట్టము సంగతి. అంగడివాడిచ్చు లేపనములు కొన్నింటిలో క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్ కలిసియుండును. రెండు దినములలో దురద అణగును. లోపల ఈస్టు పెరుగును, చర్మము పలుచబడును. 2018లో కేంద్రప్రభుత్వము ఇట్టి స్టెరాయిడ్ లేపనములను వైద్యుని చీటీ లేక అమ్మరాదని కట్టడిచేసినది. కట్టడి యున్నను మన జాగ్రత్త మనకుండవలెను.

ఈస్టును చంపు తొలి మేలైన మందును కనుగొన్నవారు ఇద్దరు స్త్రీలని యెందఱెఱుగుదురు? ఎలిజబెత్ హేజెన్ న్యూయార్కు నగరమునను, రేచెల్ బ్రౌన్ ఆల్బనీ పట్టణమునను పనిచేయుచు, మట్టినుండి తీసిన పదార్థములను తపాలాలో పంపుకొనుచు, 1950లో నిస్టాటిన్‌ను లోకమునకు వెల్లడించిరి. తమ రాష్ట్రము పేరు దానికి పెట్టిరి. వచ్చిన ధనమును శాస్త్రపరిశోధనకే ధారపోసిరి. మగవారి మరుగురోగమునకు సైతము ఆడవారి శ్రమయే మందైనది!

నేడు క్లోట్రిమజోల్ లేపనము వారము రెండు వారములు పూయుటయో, ఫ్లుకొనజోల్ మాత్ర మ్రింగుటయో సాధారణ చికిత్స. ముందోలు మెల్లగా వెనుకకు తీసి మంచినీటితో కడిగి, పొడిగా తుడుచుకొనవలెను. లోపల సబ్బు గాని, డెట్టాలు గాని తగులరాదు. నూలుబట్టలు ఎండలో ఆరవేయుడు. ఇల్లాలికిని దురదయున్నచో ఇద్దఱును ఒక్కమాఱే చికిత్స పొందవలెను.

గొట్టము కంటబడిన ఇల్లాలు మొదట అడుగవలసిన ప్రశ్న, "ఎక్కడికి పోతివి?" అని కాదు, "చక్కెర చూపించుకొంటిరా?" అని. ప్రొద్దుటూరి పెద్దాసుపత్రిలో గాని, కడప రిమ్స్‌లో గాని ఆ పరీక్ష ఒక పూటలో ముగియును. భర్త వెనుదీసినచో ఇద్దఱును పోయి ఇద్దఱును రక్తమిచ్చి రండు. లేపనము పూసిన రెండు వారములకును తగ్గకున్న, గొట్టము మార్చక వైద్యుని మరల చూడవలెను.