కాపాడిన గుణమే ఉచ్చయితే

సామెతల గ్రంథం 30వ అధ్యాయంలో ఆగూరు నాలుగు చిన్న జీవులను మన ముందుకు తెస్తాడు. చీమ, చిన్న కుందేలు, మిడత, బల్లి. వాటికి బలం లేకపోయినా బతకడం ఎలాగో తెలుసునని మెచ్చుకుంటాడు. ఈ వారం మనం కూడా నాలుగు జీవుల గురించి తెలుసుకుందాం. ఇవి ఎక్కడో దూరదేశాల్లోనివి కావు. నల్లమల అడవులు, శేషాచలం కొండలు, నంద్యాల గడ్డి మైదానాలు, మన సముద్రతీరం వీటి తావులు. అయినా మనలో చాలామంది వీటిని ఒక్కసారైనా చూసి ఉండరు.

ఈ నాలుగింటిలో ఒక్కోదానికి ఒక్కో వింత గుణం ఉంది. వేల తరాలుగా వాటి ప్రాణం నిలబెట్టినది ఆ గుణమే. ఇప్పుడు అదే వాటి ప్రాణం మీదికి వచ్చింది. జీవి మారలేదు, దాని గుణమూ మారలేదు. దాని చుట్టూ ఉన్న లోకాన్ని మనం మార్చాం. ఇది ఎలా జరిగిందో ఒక్కొక్కటిగా చూద్దాం.

అలుగు

అలుగును మొదటిసారి చూసినవాళ్లు దాన్ని బల్లి జాతి అనుకుంటారు. ఒంటినిండా పెంకుల్లా పేర్చిన పొలుసులుంటాయి మరి. నిజానికి అది పిల్లను కని పాలిచ్చే జంతువు. పాలిచ్చే జంతువులన్నిటిలోనూ ఇలాంటి పొలుసులున్న జాతి ఇదొక్కటే. లోకంలో 8 రకాల అలుగులున్నాయి. 4 ఆసియాలో, 4 ఆఫ్రికాలో. మన అడవుల్లో తిరిగేది భారతీయ అలుగు.

దాని నోట్లో ఒక్క పన్ను కూడా ఉండదు. ముందుకాళ్ల గోళ్లతో పుట్టను తవ్వి, జిగటగా ఉండే పొడవాటి నాలుకను లోపలికి చాపి చీమలనూ చెదలనూ లాక్కుని తింటుంది. మన నాలుక మొదలు గొంతు దగ్గర ఉంటే, అలుగు నాలుక మొదలు రొమ్ము ఎముక చివరి దాకా పోతుంది. చీమలు దూరకుండా చెవులూ ముక్కురంధ్రాలూ మూసుకోగలదు. తిండితోపాటు మింగిన ఇసుక, చిన్న రాళ్లు దాని కడుపులో తిరగలి పని చేస్తాయి.

ఆపద వస్తే అలుగు పరుగెత్తదు. తలను పొట్టలో దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది. తల్లి అలుగైతే అప్పటిదాకా తోక మీద మోస్తున్న పిల్లను పొట్టకు హత్తుకుని, దాని చుట్టూ తాను చుట్టుకుంటుంది. చిరుతపులి పంజా ఆ పొలుసుల్లోకి దిగదు. కాసేపు అటూ ఇటూ దొర్లించి, విసుగొచ్చి వదిలేసి పోతుంది.

మనిషి దగ్గర మాత్రం ఈ ఉపాయం పారదు. చుట్టుకున్న అలుగు పారిపోదు, కరవదు. రెండు చేతులతో ఎత్తి గోనెసంచిలో వేసుకుంటే సరిపోతుంది. పులి పళ్లకు లొంగనిది ఒక సంచికి లొంగిపోతుంది. ఇదంతా ఆ పొలుసుల్లో ఏదో మందు ఉందన్న నమ్మకం కోసం. వాటిలో ఉన్నది కెరటిన్, అంటే మన గోళ్లలో, వెంట్రుకల్లో ఉన్న పదార్థమే. గోరు అరగదీసి తాగితే ఏ రోగం నయమవుతుందో పొలుసు తాగినా అంతే. 2016లో జొహన్నెస్‌బర్గ్‌లో సమావేశమైన దేశాలు 8 రకాల అలుగుల అంతర్జాతీయ వ్యాపారాన్నీ నిషేధించాయి. 2020లో చైనా కూడా తన అధికారిక ఔషధాల జాబితా నుంచి ఈ పొలుసులను తొలగించింది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అలుగును మొదటి షెడ్యూలులో చేర్చింది. వేటాడినా, అమ్మినా 3 నుంచి 7 ఏళ్ల జైలు. అడవిలో దాన్ని పట్టినవాడికి దక్కేది కొద్ది డబ్బు, లాభం దళారులది. పట్టుబడితే శిక్ష మాత్రం ఇద్దరికీ ఒకటే.

దేవాంగపిల్లి

పేరులో పిల్లి ఉన్నా ఇది పిల్లి కాదు, కోతులకు దూరపు చుట్టం. జానెడు పొడవు, పావుకిలో అటూ ఇటూ బరువు, పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ. తోక ఉందా అంటే లేదనే చెప్పాలి. ముఖమంతా కళ్లే అన్నట్టుంటుంది. చీకట్లో ఉన్న కాస్త వెలుగునూ ఒడిసిపట్టేందుకు ఆ కళ్ల వెనక అద్దంలాంటి పొర ఉంటుంది. చీకట్లో టార్చి వేస్తే దాని కళ్లు నిప్పుల్లా మెరిసేది అందుకే.

దేవాంగపిల్లి దూకదు. ఒక కొమ్మను వదలకుండానే ఇంకో కొమ్మను పట్టుకుంటూ, ఆకు కదలకుండా, చప్పుడు కాకుండా సాగిపోతుంది. ఏదైనా అలికిడి అయితే ఉన్నచోటే బిగుసుకుపోయి కదలకుండా ఉంటుంది. మనం కొమ్మ పట్టుకుని వేలాడితే కాసేపటికే చేతులు లాగేస్తాయి. దాని కాళ్లూ చేతుల్లో మాత్రం సన్నని రక్తనాళాలు వలలా అల్లుకుని ఉంటాయి. ఎంతసేపు పట్టుకున్నా కండరాలు అలిసిపోకుండా ఉండటానికి ఆ అల్లిక తోడ్పడుతుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. కదిలేదాన్ని చూసి పట్టే జంతువులకు ఈ కదలని జీవి కంటబడటం కష్టం.

కానీ కొమ్మకూ కొమ్మకూ మధ్య మనం రోడ్డు వేశాం. దూకలేని జీవి కాబట్టి నేల మీదికి దిగాలి, లేదా కరెంటు తీగ పట్టుకోవాలి. నేల మీద వాహనం ఎదురైనా, మనిషి ఎదురైనా దానికి తెలిసిన రక్షణ ఒక్కటే, కదలకుండా ఉండిపోవడం.

దానికి మించిన ఆపద మన నమ్మకాలు. రాత్రిపూట నిప్పుల్లా మెరిసే కళ్లు చూసి అపశకునమని కొట్టేవాళ్లున్నారు. దాని కళ్లు మందుకనీ, వశీకరణకనీ పట్టి అమ్మేవాళ్లూ ఉన్నారు. శకునాలను నమ్మమని చెప్పుకునే మన ఇళ్లలోనైనా ఈ మాట పిల్లలకు స్పష్టంగా చెప్పాలి. ఆ కళ్లలో ఉన్నది చీకట్లో చూసే శక్తి తప్ప మరేమీ కాదు. పొరుగున ఉన్న తమిళనాడు 2022లో కరూర్, దిండిగల్ జిల్లాల్లోని కడవూరు ప్రాంతాన్ని దేవాంగపిల్లుల కోసమే అభయారణ్యంగా ప్రకటించింది. దేశంలో వాటికోసం ఏర్పడిన మొదటి అభయారణ్యం అదే.

బట్టమేకపిట్ట

మీటరు ఎత్తు ఉండే పక్షి ఇది. మగపక్షి 15 కిలోల దాకా తూగుతుంది. ఎగరగల పక్షుల్లో అతి బరువైనవాటిలో ఇదొకటి. చెట్టెక్కదు, గూడు కట్టదు. విశాలమైన గడ్డినేల మీదే తిరుగుతుంది, ఆ నేల మీదే సాధారణంగా ఒక్క గుడ్డు పెడుతుంది. దీనికోసమే 1988లో అప్పటి కర్నూలు జిల్లాలోని రోళ్లపాడులో అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఇప్పుడు అక్కడ అది దాదాపు కనుమరుగైంది. దేశం మొత్తం మీద అడవిలో మిగిలినవి 150 కంటే తక్కువ. వాటిలో ఎక్కువ రాజస్థాన్‌లోనే ఉన్నాయి.

దాని వింత గుణం చూపులో ఉంది. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల చుట్టుపక్కలంతా ఒకేసారి కనిపెట్టగలదు. దాక్కోవడానికి చాటులేని మైదానంలో, నేల మీద గుడ్డు పెట్టుకున్న పక్షికి అంతకంటే ఏం కావాలి? నక్క ఏ పక్కనుంచి వచ్చినా తెలిసిపోతుంది. అయితే పక్కలకు అంత చూపు దొరికినందుకు ఎదుటి చూపు ఇరుకైంది. 2010లో వెలువడిన ఒక పరిశోధన ఆఫ్రికాలోని ఇలాంటి పక్షి చూపును కొలిచింది. ఎగిరేటప్పుడు నేలను చూడటానికి తల కాస్త వంచితే చాలు, ముందున్న దారి దానికి అసలు కనబడదని తేలింది.

ఆకాశంలో అడ్డేమీ లేని కాలంలో దీనివల్ల నష్టం రాలేదు. ఇప్పుడు ఆ ఆకాశానికి అడ్డంగా కరెంటు తీగలున్నాయి. తీగ కనబడేసరికి మీదికి వచ్చేసి ఉంటుంది, అంత బరువుతో చటుక్కున పక్కకు తిరగడం దాని వల్ల కాదు. 2021లో సుప్రీంకోర్టు రాజస్థాన్, గుజరాత్‌లలో బట్టమేకపిట్టలు తిరిగేచోట్ల తీగలను భూమి లోపలికి మార్చాలని ఆదేశించింది. సౌర విద్యుత్తు అవసరాన్నీ, భూగర్భ తీగల ఇబ్బందులనూ ప్రభుత్వం ముందు పెట్టడంతో 2024లో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీని వేసింది. మనకు వెలుగు కావాలి, పక్షికి ఆకాశం కావాలి. ఈ తూకం తేలిక కాదు. కానీ ఏడాదికి ఒక్క గుడ్డుతో గడిపే జాతికి ఎక్కువ కాలం వేచి ఉండే వీలు లేదు.

సముద్రపు తాబేలు

శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరానికి ఏటా జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. తాను ఏ తీరప్రాంతంలో పుట్టిందో, ఏళ్ల తర్వాత తల్లి తాబేలు ఆ ప్రాంతానికే తిరిగి వస్తుంది. రాత్రివేళ ఇసుకలో గుంట తవ్వి వంద, అంతకు మించి గుడ్లు పెట్టి, పూడ్చి, సముద్రంలోకి వెళ్లిపోతుంది. ఇసుక వెచ్చగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువగా పుడతాయి. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి.

దారి చూపే తల్లి దగ్గర లేదు. మరి ఇప్పుడే పుట్టిన పిల్లకు సముద్రం ఎటున్నదో ఎలా తెలుస్తుంది? దానికి ఒక్కటే గుర్తు. ఎటువైపు దిగంతం ఎక్కువ వెలుగుగా ఉంటే అటు నడవడం. రాత్రిపూట సహజమైన తీరంలో చెట్లున్న నేల నల్లగా ఉంటుంది, నక్షత్రాల వెలుగు పడే నీరు దానికంటే తెల్లగా కనిపిస్తుంది. అందుకే అవి నేరుగా నీటికి చేరతాయి. గుడ్డులోంచి వచ్చిన పచ్చసొన బలం కొంత ఒంట్లో మిగిలి ఉంటుంది. మొదటి కొన్ని రోజుల ఈతకు అదే ఇంధనం.

ఇప్పుడు తీరంలో ఎక్కువ వెలుగు నేలవైపే ఉంది. వీధి దీపాలు, హోటళ్లు, రోడ్లు. పిల్ల నమ్మకంగా వెలుగువైపే నడుస్తుంది. నడిచినకొద్దీ నీటికి దూరమవుతుంది. దాచుకున్న బలం ఇసుకలోనే ఖర్చయిపోతుంది. తెల్లవారేసరికి కొన్ని కుక్కల పాలు, కొన్ని ఎండ పాలు. వెయ్యి పిల్లల్లో ఒక్కటి పెద్దదవడమే కష్టమని అంచనా. ఆ ఒక్కటీ దారి తప్పకూడదనే అటవీశాఖవారూ, స్వచ్ఛంద కార్యకర్తలూ చాలాచోట్ల గుడ్లను సేకరించి కంచె లోపల భద్రపరచి, పిల్లలను తామే నీటిలో వదులుతున్నారు.

మనకున్న గుణం

చుట్టుకోవడం మానమని అలుగుకు చెప్పలేం. కదలమని దేవాంగపిల్లికి చెప్పలేం. బట్టమేకపిట్ట కళ్లను తల ముందుకు తేలేం. వెలుగును నమ్మవద్దని తాబేలు పిల్లకు నేర్పలేం. ఒక జాతి గుణం మారాలంటే ఎన్నో తరాలు పడుతుంది. మన గ్రామాల్లోకి కరెంటు వచ్చి అన్ని తరాలు కాలేదు.

మనిషికీ ఒక వింత గుణం ఉంది. తన పద్ధతి తప్పని తెలిస్తే ఈ రాత్రికే మార్చుకోగలడు. మిగతా జీవులకు తరాలు పట్టేది మనకు ఒక స్విచ్ నొక్కినంత పని. కాబట్టి ఈ నాలుగు జీవుల విషయంలో మారగలిగింది మనమే.

తీరప్రాంత సంఘాలు ముందుగా ఒక పని చేయవచ్చు. జనవరి నుంచి మే వరకు సముద్రం వైపు ఉన్న మందిరం దీపాలను రాత్రి కూడిక ముగియగానే ఆర్పేయడం, ఆర్పలేనివాటికి వెలుగు నేలమీదే పడేలా మూత బిగించడం. ఒడ్డున ఈస్టర్ వేకువ ఆరాధన జరుపుకునే సంఘాలకు ఇది మరీ ముఖ్యం. ఆ పండుగ పిల్లలు బయటికి వచ్చే నెలల్లోనే వస్తుంది. తెల్లవారకముందే పెద్ద లైట్లు వేసేబదులు ముందురోజు స్థానిక అటవీ సిబ్బందిని అడిగి, గుడ్లున్న చోటికి దూరంగా కూడుకోవచ్చు. వలల విషయంలో మత్స్యకార కుటుంబాల మాటా వినాలి. గాలి పీల్చుకోవడానికి పైకి రాలేక తాబేళ్లు ట్రాలర్ వలల్లో చనిపోతున్నాయి. అవి తప్పించుకునే మార్గం ఉన్న వలలు ఉన్నాయి. చేపలూ జారిపోతాయన్న భయం మత్స్యకారులది. ఆ భయాన్ని తీసిపారేయకుండా వాళ్లతో కూర్చుని మాట్లాడాలి.

అడవి అంచు పల్లెల్లోని సంఘాలకు పని వేరు. పొలుసులు కొంటామని వచ్చేవాడు మన ఊరి పేదవాడి చేతికి కొద్ది డబ్బు, ఇంటికి పెద్ద కష్టం తెచ్చిపెడతాడని ముందే చెప్పి ఉంచాలి. అలుగు గానీ దేవాంగపిల్లి గానీ ఇళ్లలోకి వస్తే చుట్టూ గుమిగూడి ఫోటోలు తీయకుండా, పిల్లలనూ కుక్కలనూ దూరంగా ఉంచి అటవీశాఖకు కబురు చేయాలి. సండే స్కూలు పిల్లలకు సింహం, ఏనుగు బొమ్మలతోపాటు ఈ నాలుగింటి బొమ్మలూ చూపించి, పేర్లు నేర్పాలి. పేరు తెలిసిన జీవిని కొట్టడానికి చెయ్యి అంత తొందరగా లేవదు.