పంట లెక్క సరే.. కొల్లేరు లెక్కో?

'రాష్ట్ర జీఎస్‌డీపీలో వ్యవసాయం వాటా ఇన్ని లక్షల కోట్లు' అని వార్త వస్తుంది. చూస్తాం, స్క్రోల్ చేసేస్తాం. అసలు ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుంది? అందులో ఏముంటుంది, ఏముండదు?

ఎకరంతో మొదలు

ముందు పంట కోత ప్రయోగాలు చేస్తారు. ఎంపిక చేసిన పొలంలో కొలత ప్రకారం చిన్న ముక్కను కోసి, నూర్చి, తూకం వేస్తారు. అలా సగటు దిగుబడి తేలుతుంది. దాన్ని సాగు విస్తీర్ణంతో, ధరతో గుణిస్తే ఉత్పత్తి విలువ. అందులోంచి విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు, డీజిల్ లాంటి ఖర్చులు తీసేస్తే మిగిలేదే జీవీఏ. పాడి, చేపలు, అడవి ఉత్పత్తులకూ లెక్క ఇలాగే.

చిన్న ఉదాహరణ చూద్దాం. ఎకరానికి 25 క్వింటాళ్ల వడ్లు పండాయనుకోండి. 2024-25లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాకు రూ.2,300. మొత్తం రూ.57,500. పైన చెప్పిన ఖర్చులు రూ.15,000 అనుకుంటే జీవీఏ రూ.42,500.

అదంతా రైతు లాభం అనుకునేరు! కూలీల డబ్బులు, కౌలు, అప్పు మీద వడ్డీ.. అన్నీ ఇందులోంచే కట్టాలి. అందుకే వ్యవసాయ వృద్ధి బాగున్న ఏడాదిలోనే కౌలు రైతు అప్పుల పాలవ్వొచ్చు. రెండూ నిజమే.

బిల్లు లేని పని

ఇప్పుడు కొల్లేరుకి వద్దాం. చెరువు తవ్వి పెంచిన చేపలు అమ్మితే ఆ విలువ రాష్ట్ర లెక్కల్లోకి ఎక్కుతుంది. ఆ చెరువుల మీదే బతికే కుటుంబాలకి అది అన్నం పెట్టే ఆదాయం కూడా. కానీ బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదను పట్టి ఉంచి, ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రానికి వదిలే పని చేసేదీ ఆ సరస్సే. ఆ పనికి ఎవరూ బిల్లు వేయరు కాబట్టి విడిగా ఒక్క రూపాయీ కనిపించదు.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. గండ్లు పూడ్చడానికి పెట్టిన ఖర్చు లెక్కలోకి వస్తుంది. నీళ్లు నిలవడానికి చోటు తగ్గిపోతే ఆ నష్టం మాత్రం రాదు.

డంపర్‌కి తరుగు, బొగ్గుకి లేదు

తెలంగాణలో సింగరేణి సంగతీ అంతే. తవ్విన బొగ్గు విలువ ఆదాయంలో చేరుతుంది. నికర లెక్కలో డంపర్ అరుగుదల తీసేస్తారు. భూమిలో తగ్గిపోయిన బొగ్గు విలువ తీయరు. ఎఫ్‌డీ పగలగొట్టి వాడుకుంటూ జీతం పెరిగిందని చెప్పుకున్నట్టుంటుంది ఇది.

దీన్ని సరిదిద్దే ప్రయత్నం లేకపోలేదు. పార్థ దాస్‌గుప్తా నేతృత్వంలోని నిపుణుల బృందం 2013లోనే మన దేశానికి హరిత లెక్కల నమూనా ఇచ్చింది. కేంద్ర గణాంక శాఖ 'ఎన్విస్టాట్స్ ఇండియా' పేరుతో పర్యావరణ లెక్కలు విడుదల చేస్తోంది. 2025లో ఐక్యరాజ్యసమితి గణాంక కమిషన్ ఆమోదించిన కొత్త ప్రమాణం ప్రకారం ఖనిజాల తరుగునూ నికర ఆదాయంలోంచి తీసేయాలి.

అది మన రాష్ట్రాల బడ్జెట్ పుస్తకాల దాకా రావాలి. ఈలోగా వృద్ధి రేటు వార్త కనబడితే రెండు ప్రశ్నలు అడగండి: ఇందులో రైతుకి మిగిలిందెంత? ఇది సంపాదించడానికి మనం దేన్ని కరిగించుకున్నాం?