ఆయిల్ ఇంజిన్‌కి గాలి పట్టినప్పుడు

ఒకప్పుడు మా రాయవేలూరు దగ్గరి గుడియాత్తం చుట్టుపక్కల బావుల గట్టున కనిపించిన ఆయిల్ ఇంజినూ, కోస్తాలో ఫైబర్ పడవను నడిపే చిన్న డీజిల్ ఇంజినూ ఒకే వంశానివి. ఏడాదిలో చాలా నెలలు పాలారు, కౌండిన్య నదుల్లో ఇసుకే కనిపిస్తుంది కాబట్టి, మా వైపు ఈ ఇంజిన్ పని బావి నీళ్లు తోడటమే అయింది. మొరాయిస్తే మాత్రం రెండుచోట్లా వైద్యం ఒకటే.

ఈ ఇంజిన్ గురించి చెబుతుంటే క్లాసులో ఒక అమ్మాయి అడిగింది: "స్పార్క్ ప్లగ్గే లేదు కదా సార్, మరి మంట ఎవరు పెడతారు?"

గాలే పెడుతుంది. సైకిల్ పంపు మూతిని వేలితో మూసి గబగబా నొక్కితే అడుగుభాగం వేడెక్కుతుంది. ఇంజిన్‌లో పిస్టన్ గాలిని దాదాపు పదిహేడో వంతుకు నొక్కేస్తుంది. అప్పుడు వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. డీజిల్ తనంతట తాను అంటుకోవడానికి అందులో సగం చాలు. కానీ స్టార్ట్ చేసే హ్యాండిల్ మెల్లగా తిప్పితే ఆ వేడి సిలిండర్ గోడల్లోకి ఇంకిపోతుంది, గాలి పిస్టన్ రింగుల సందుల్లోంచి జారిపోతుంది. అందుకే డీకంప్రెషన్ లివర్ పెట్టారు. లివర్ ఎత్తితే వాల్వు కాస్త తెరిచి ఉంటుంది, హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది. ఫ్లైవీలు వేగం పుంజుకున్నాక లివర్ వదిలితే, చేతికి సాధ్యం కాని ఆ చివరి నొక్కుడు ఫ్లైవీలే నొక్కుతుంది.

ఈ ఇంజిన్‌లో ఇద్దరి పోటీ దాగి ఉంది, నాకు చాలా ఇష్టమైన పోటీ. ఇంగ్లండులో హెర్బర్ట్ అక్రాయిడ్ స్టూవర్ట్ 1890లో పేటెంట్ తీసుకున్న ఇంజిన్‌లో చమురును పంపే నేరుగా చిమ్మేది. అయితే నొక్కుడు చాలక, ముందు బ్లో ల్యాంపుతో దాని బుర్రను కాల్చాల్సి వచ్చేది. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో విజయవంతంగా నడిచిన రుడాల్ఫ్ డీజిల్ ఇంజిన్‌కు ఆ కాల్చుడు అక్కర్లేదు. కానీ చమురును లోపలికి ఊదడానికి దానికి వేరే కంప్రెసర్ కావాలి. బావిగట్టుకు గానీ పడవకు గానీ అంత బరువు పనికిరాదు. మన ఇంజిన్ రుడాల్ఫ్ డీజిల్ నుంచి నొక్కుడును, అక్రాయిడ్ నుంచి పంపును తీసుకుంది. పేరు మాత్రం ఒక్కరికే దక్కింది. అది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ పంపును 1927 నుంచి పెద్ద ఎత్తున తయారు చేసినది రాబర్ట్ బాష్ కంపెనీ. ఐదు హార్స్‌పవర్ ఇంజిన్‌లో పంపు ఒక్కో విడతకు పంపే డీజిల్ చుక్కలో సగం మాత్రమే. ఆ కాస్త డీజిల్‌నే వాతావరణ పీడనానికి సుమారు 200 రెట్లు బిగిస్తేనే దాన్ని సిలిండర్‌లోకి చిమ్మే నాజిల్ తెరుచుకుంటుంది. ద్రవం నొక్కుకుపోదు కాబట్టి ఇది సాధ్యం. ట్యాంకు ఎండి పైపులో గాలి బుడగ చేరిందంటే, పంపులోని ప్లంజర్ శ్రమంతా బుడగను నలపడానికే సరిపోతుంది. ప్లంజర్ వెనక్కి రాగానే బుడగ మళ్లీ ఉబ్బుతుంది, నాజిల్ తెరుచుకోదు. సిలిండర్‌లో నిప్పు పుట్టించిన, నొక్కితే నలిగే గాలి గుణమే ఇక్కడ ఇంజిన్‌ను ఆపేస్తుంది.

కాబట్టి ముందు పొగ చూడాలి. ఎంత తిప్పినా పొగే లేకపోతే డీజిల్ అందడం లేదు. తెల్లపొగ వస్తుంటే డీజిల్ అందుతోంది గానీ అంటుకోవడం లేదు. అంటే చాలావరకు కంప్రెషన్ తగ్గింది, రింగులో వాల్వులో చూడాలి. పొగ లేనప్పుడు ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, నురగ పోయి డీజిల్ నిండుగా కారేదాకా ఆగాలి. తర్వాత నాజిల్ దగ్గర పైపు నట్టు కొద్దిగా వదిలి హ్యాండిల్ తిప్పాలి. బుడగలు ఆగాక బిగించి మళ్లీ తిప్పితే నాజిల్ కిర్రుమంటుంది. ఆ చప్పుడు వినబడ్డాక లివర్ వదిలితే ఇంజిన్ అందుకుంటుంది. నాజిల్ ముందు మాత్రం వేలు పెట్టకూడదు, ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది.

కాలక్రమంలో రైతులకు ఉచిత కరెంటు వచ్చింది, మా బావుల మీద మోటార్లు చేరాయి. కార్లలోకి కంప్యూటర్ అదుపులో నడిచే కామన్ రైల్ ఇంజెక్షన్ వచ్చింది, పీడనం పది రెట్లు పెరిగింది. ట్యాంకు పూర్తిగా ఎండితే మాత్రం దానికీ ముందు ఎయిర్ తీయాల్సిందే.