దీపం వేడితో గాలి కదిలించడం

మండుతున్న లాంతరు చిమ్నీకి కాస్త పైన అరచెయ్యి పెడితే వేడిగాలి తగులుతుంది. మంట దగ్గర గాలి వేడెక్కి, తేలికపడి గాజుగొట్టంలో పైకి పోతుంది. ఆ ఖాళీలోకి బర్నరు చిల్లుల గుండా చల్లగాలి వస్తుంది. 1780లో స్విట్జర్లాండు వాడైన ఆర్గాండ్ రూపొందించిన గుండ్రటి వత్తి దీపం ఈ ఈడ్పు మీదే పనిచేసింది. అయితే అందులో గాలి కదిలేది మంట కోసమే.

ఆ ఈడ్పును గదికి ఉపయోగపెట్టినవాడు మైకేల్ ఫారడే. లైట్‌హౌసులో నూనె మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి చలికాలంలో అద్దాలకు పట్టి వెలుగుకు అడ్డొచ్చేది. ఫారడే దీపం మీద గొట్టం అమర్చి, ఆవిరిని దీపం వేడితోనే బయటికి పంపించాడు. 1843లో దాని పేటెంటును దీపాల పనిలో ఉన్న అన్న రాబర్ట్‌కు ఇచ్చేశాడు. తరవాత బ్రిటన్ నాటకశాలల్లో సన్‌బర్నర్లు వచ్చాయి. పైకప్పు కింద గుండ్రంగా వెలిగే గ్యాసు మంటలు హాలుకు వెలుతురిచ్చేవి, వాటి పైనున్న గొట్టం జనం వదిలిన వేడిగాలిని లాగేసేది. ఒకే మంటతో రెండు పనులు చేయించిన ఈ ఏర్పాటు అందమైన ఇంజనీరింగు.

కరెంటు లేని రోజుల్లో మన దేశంలో వాడిన కిరసనాయిలు ఫ్యాన్లది వేరే దారి. 1816లో రాబర్ట్ స్టిర్లింగ్ పేటెంటు పొందిన ఇంజను సూత్రంతో అవి తిరిగేవి. అడుగున చిన్న దీపం, దాని మీద మూసిన సిలిండరు. లోపలి గాలి వేడెక్కుతూ చల్లారుతూ పిస్టన్‌ను ఆడిస్తే రెక్కలు తిరిగేవి.

మరి కరెంటు దీపం వేడితోనూ గాలిని ఇలా కదిలించవచ్చా? ఫిలమెంటు బల్బు తీసుకునే కరెంటులో వెలుతురయ్యేది చాలా కొంచెం, మిగతాదంతా వేడే. తెలుగు రాజు కులస్థులు తరతరాలుగా స్థిరపడిన తమిళనాడులోని రాజపాళయంలో ఒక ఇంటిని ఊహిస్తే లెక్క తేలుతుంది. 20 సెంటీమీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న గొట్టం అడుగున 60 వాట్ల బల్బు పెట్టి, వేడంతా గాలికే అందిందనుకున్నా నిమిషానికి పైకి పోయేది ఒక ఘనమీటరు లోపే. సీలింగు ఫ్యాను కదిలించేది 200 ఘనమీటర్ల పైమాటే. కాకపోతే ఫ్యాను ఉన్న గాలినే తిప్పుతుంది, గొట్టం పాతగాలిని బయటికి పంపి కొత్తగాలిని రప్పిస్తుంది.

ఇంకో విశేషం, గాలి ప్రవాహం వేడికి ఘనమూలం లెక్కన మారుతుంది. 60 వాట్ల బల్బు తీసి అంతే వెలుతురిచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీ పెడితే వేడి ఏడో వంతుకు పడిపోయినా గాలి సగానికే తగ్గుతుంది. అందుకే బల్బును పెంచడం కంటే గొట్టాన్ని వెడల్పు చేయడం మేలు. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా స్థాపించిన రాజపాళయం మిల్స్ లాంటి నూలు మిల్లుల్లో సంగతి తారుమారు. పోగు తెగకుండా గాలిలో తేమ నిలపాలి కనుక గాలిని ఆరబెట్టే దీపాల వేడి అక్కడ అదనపు భారం.

ఈడ్పు పుట్టాలంటే గొట్టంలోని గాలి బయటి గాలికంటే వేడిగా ఉండాలి. పశ్చిమ కనుమల అడుగునున్న ఆ ఊళ్లో ఎండాకాలం మధ్యాహ్నం మందపాటి గోడల ఇంట్లో కంటే బయటే వేడి ఎక్కువ కావచ్చు. అప్పుడు బల్బు గొట్టంలోని గాలికి అదనంగా ఇచ్చే సుమారు నాలుగు డిగ్రీల వేడి చాలదు, గొట్టం బయటి వేడినే లోపలికి దింపుతుంది. కాబట్టి దానికి మూత ఉండాలి. పగలు మూసి, పొద్దుగూకి బయట చల్లబడ్డాక, దీపాలు పెట్టే వేళకు తెరవాలి.