పక్కింట్లో గృహ హింస: ఇరుగుపొరుగు ఫిర్యాదు చేయొచ్చా?

పక్క ఫ్లాట్‌లోంచి అరుపులు, ఏడుపు. ‘మొగుడూ పెళ్లాల గొడవ, మనకెందుకు’ అనుకుని చాలామంది తలుపు వేసుకుంటారు. ఫోన్ చేస్తే తిరిగి మన మీదే కేసు పెడతారేమోనన్న భయం మరికొందరిది. ఇంతకీ చట్టం ఏం చెబుతోంది?

బయటివాళ్లు చెప్పొచ్చా?

చెప్పొచ్చు. గృహ హింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. హింస జరిగిందని గానీ, జరుగుతోందని గానీ, జరగబోతోందని గానీ నమ్మడానికి కారణం ఉంటే ఎవరైనా రక్షణ అధికారికి సమాచారం ఇవ్వొచ్చని సెక్షన్ 4 చెబుతోంది. సదుద్దేశంతో ఇచ్చిన సమాచారానికి వారిపై సివిల్, క్రిమినల్ బాధ్యత ఏదీ ఉండదు.

కొడితేనే హింసా?

కాదు. లైంగిక వేధింపులు, బూతులు, పిల్లలు పుట్టలేదని హేళన చేయడం, ఇంటి ఖర్చులకు డబ్బులివ్వకపోవడం, జీతం లాక్కోవడం కూడా హింస కిందికే వస్తాయి. భార్యే కాదు, ఒకే ఇంట్లో ఉండే తల్లి, సోదరి, సహజీవనంలో ఉన్న మహిళ కూడా రక్షణ కోరవచ్చు.

ఎవరికి ఫోన్ చేయాలి?

ప్రాణాపాయం ఉందనిపిస్తే వెంటనే 112కు చేయండి. సలహా, సాయం కోసం మహిళా హెల్ప్‌లైన్ 181 రోజంతా పనిచేస్తుంది. సఖి వన్ స్టాప్ సెంటర్లలో వైద్యం, పోలీసు సాయం, కౌన్సెలింగ్, న్యాయ సలహా, తాత్కాలిక వసతి ఒకేచోట దొరుకుతాయి. ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. దానికి 15100కు ఫోన్ చేయాలి.

కేసు పెడితే కాపురం పోయినట్టేనా?

చాలామంది వెనకడుగు వేసేది ఇక్కడే. ఈ చట్టం కింద దరఖాస్తు చేయడమంటే విడాకులు కోరడం కాదు. దరఖాస్తు చేయగానే భర్తను జైల్లో పెట్టరు. ఆమె జోలికి వెళ్లొద్దని, ఇంట్లోంచి గెంటేయొద్దని, ఖర్చులకు డబ్బులివ్వాలని మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. ఇల్లు ఆమె పేరు మీద లేకపోయినా ఉమ్మడిగా నివసించిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. ఆ ఇల్లు అత్తమామలదైనా ఈ హక్కు కోరవచ్చని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే మాత్రం ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

భర్త, అతని బంధువుల క్రూరత్వంపై భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 85 కింద పెట్టే క్రిమినల్ కేసు వేరు. పాత 498ఏ స్థానంలో వచ్చింది ఇదే.

ఆమెకు ఎలా అండగా ఉండాలి?

* అతని ఎదుట అడగొద్దు. ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు పలకరించండి.
* వాట్సాప్‌లో మెసేజ్ పెట్టొద్దు. ఆమె ఫోన్ అతను చూస్తుండొచ్చు.
* ‘సర్దుకుపో’, ‘ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నావ్’ అనొద్దు.
* ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఆసుపత్రి చీటీల కాపీలు మీ దగ్గర దాచిపెడతారేమో అడగండి.
* ఏ తేదీన ఏం విన్నారో, ఏం చూశారో రాసిపెట్టుకోండి. రేపు కోర్టులో అది ఆమెకు ఉపయోగపడొచ్చు.

ప్రాణాపాయం లేనప్పుడు ఏం చేయాలన్న నిర్ణయం ఆమెదే. ఈరోజు వద్దన్నా, మరో రోజు ఏ వేళకైనా మీ తలుపు తట్టొచ్చని ఆమెకు చెప్పి ఉంచండి.