రెండు గుడ్లకు 60, 60, 20: జపాన్ కేకు లెక్క

క్రిస్మస్ వస్తే జపాన్‌లో ఎక్కువ ఇళ్లలో కోసేది ఒకే రకం కేకు. మెత్తటి స్పాంజి పొరలు, మధ్యలో తెల్లటి క్రీమ్, పైన ఎర్రటి స్ట్రాబెర్రీలు. అక్కడ దీన్ని షార్ట్‌కేక్ అంటారు. ఇదే పేరుతో అమెరికాలో చేసేదానికి అడుగున బిస్కెట్ లాంటి రొట్టె ఉంటుంది. జపాన్‌లో దీన్ని జనానికి అలవాటు చేసిన దుకాణాల్లో 1910లో యోకొహామాలో మొదలైన ఫుజియా ఒకటి.

గిన్నె కొలత

జపాన్‌లో కేకు గిన్నెలకు నంబర్లుంటాయి. నంబరును 3తో గుణిస్తే వ్యాసం సెంటీమీటర్లలో వస్తుంది: 5 అంటే 15, 6 అంటే 18, 7 అంటే 21. ఆ నంబరులోంచి 3 తీసేస్తే గుడ్ల లెక్క తేలుతుంది: 2, 3, 4. గిన్నె వ్యాసం 15 నుంచి 18 సెంటీమీటర్లకు పెరిగితే వైశాల్యం 1.44 రెట్లవుతుంది, 21కి పెరిగితే 1.96 రెట్లు. అందుకే సామాను ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు పడుతుంది.

స్పాంజి

15 సెంటీమీటర్ల గిన్నెకు పెంకు తీసిన గుడ్లు రెండు (సుమారు 100 గ్రాములు), పంచదార 60, మైదా 60, వెన్న 20 గ్రాములు. బేకింగ్ పౌడర్ వాడరు. కేకు పొంగేదంతా గుడ్ల నురగలోని గాలితోనే. గుడ్లు, పంచదార కలిపి వేడినీళ్ల గిన్నె మీద 40 డిగ్రీలకు తెస్తే నురగ తేలిగ్గా వస్తుంది. బీటర్ ఎత్తినప్పుడు జారిన గీత కాసేపు చెరగకుండా ఉంటే చాలు. తీపి ఎక్కువవుతుందని పంచదార తగ్గిస్తే నురగ నిలవదు, కేకు పొడిబారుతుంది.

కేకుల కోసం జపాన్‌లో వాడే పిండిలో ప్రొటీన్ 8 శాతం అటూఇటూగా ఉంటుంది. మన మైదాలో అంతకంటే ఎక్కువ. 60 గ్రాముల్లో 8 గ్రాములు తగ్గించి ఆ మేరకు కార్న్‌ఫ్లోర్ కలిపి జల్లిస్తే తేడా సర్దుకుంటుంది. ఈ పిండిని నురగలో కలిపాక, కరిగించిన వెన్న వేడిగా ఉన్నప్పుడే చివర్లో కలపాలి. 170 డిగ్రీల్లో సుమారు 25 నిమిషాలు కాల్చి, తీయగానే గిన్నెను 10 సెంటీమీటర్ల ఎత్తు నుంచి ఒక్కసారి బల్ల మీద వదలాలి. లోపలి ఆవిరి బయటికి పోయి కేకు కుంగకుండా ఉంటుంది.

క్రీమ్, పళ్లు

మన దగ్గర చాలామంది బోల్తాపడేది ఇక్కడే. దుకాణాల్లో ఫ్రెష్ క్రీమ్ పేరుతో దొరికే డబ్బాల్లో కొవ్వు సాధారణంగా 25 శాతమే. ఎంత గిలక్కొట్టినా అది నిలబడదు. కనీసం 30, వీలైతే 35 శాతం ఉన్న విప్పింగ్ క్రీమ్ కావాలి. 200 గ్రాములకు పంచదార 16 గ్రాములు చాలు. గిన్నె కింద ఐసు పెట్టి 10 డిగ్రీలు దాటనివ్వకుండా గిలక్కొట్టాలి.

చల్లారిన స్పాంజిని ఒకటిన్నర సెంటీమీటర్ల మందాన కోసి, 15 గ్రాముల పంచదార కరిగించిన 30 గ్రాముల నీళ్లు పూయాలి. స్ట్రాబెర్రీలు కడిగాక తడి పూర్తిగా తుడవకపోతే క్రీమ్ నీరుగారుతుంది. చలికాలంలో మన్యంలోని లంబసింగిలో పండే స్ట్రాబెర్రీలు దొరికితే సరే సరి, వేసవిలో మామిడి ముక్కలైనా బాగుంటాయి.

కప్పులు, చెంచాలతో ఈ లెక్క కుదరదు. ఈ కేకు చేయాలనుకుంటే ముందు గ్రాముల్లో తూచే చిన్న కాటా కొనుక్కోండి, ఓవెన్ సంగతి తర్వాత చూడొచ్చు.