నమ్యత: మాట ఒకటే, కొలతలు వేరు

సూరత్‌లోని సలాబత్‌పురా వస్త్ర పరిశ్రమకు పేరున్న ప్రాంతం. ఈ నగరంలో తయారయ్యే జరీ ధర్మవరం, గద్వాల చీరల అంచుల దాకా వస్తుంది. మరి లోహపు తీగ దారంలా ఎలా వంగుతుంది?

విరగకుండా వంగే గుణాన్ని నమ్యత అంటారు. సాగే గుణం వేరు. మగ్గం మీద పడుగు పోగు సులువుగా వంగాలి, కానీ సాగి వదులైపోకూడదు.

నమ్యత పదార్థం మీదే కాదు, మందం మీద కూడా ఆధారపడుతుంది. గుండ్రని తీగ వ్యాసం సగమైతే, వంగడానికి అది చూపే నిరోధం 16వ వంతుకు పడిపోతుంది. అందుకే జరీ కోసం తీగను సన్నగా లాగి, రేకులా నొక్కి, దారానికి చుడతారు. గాజు కడ్డీ పుటుక్కున విరుగుతుంది. వెంట్రుకంత సన్నని గాజు పోగు మాత్రం ఇంటర్నెట్ కేబుల్‌లో హాయిగా వంగుతుంది.

వైద్యంలో నమ్యత అంటే కీలు ఎంత మేర కదలగలదన్నది. దాన్ని డిగ్రీల్లో కొలుస్తారు. అది ఎక్కువైనా ఇబ్బందే: మరీ వదులైన కీలు సులువుగా పట్టు తప్పుతుంది.

విద్యుత్ రంగంలో గిరాకీకి తగ్గట్టు ఉత్పత్తిని ఎంత వేగంగా మార్చగలమన్నదే నమ్యత. సాయంత్రం సౌర విద్యుత్ తగ్గినప్పుడు జలవిద్యుత్ త్వరగా అందుకుంటుంది. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోని ఆరు 150 మెగావాట్ల యంత్రాలను, మిగులు విద్యుత్‌తో నీటిని తిరిగి జలాశయంలోకి ఎక్కించేలా కూడా రూపొందించారు.

తీగలో మందం, కీలులో కోణం, గ్రిడ్‌లో వేగం. దేన్ని కొలుస్తున్నామో చెబితేనే నమ్యత అన్న మాటకు అర్థం తేలుతుంది.